“కూర్చో” అనకుండా ఒక పూట: అంగన్‌వాడీలో, క్రెష్‌లో చిన్నపిల్లల్ని బయట ఆడించడం ఎలా

రేపు ఒక పని చేసి చూడండి. సెంటర్ తలుపు తీసిన దగ్గర్నుంచి పిల్లలు ఇళ్లకు వెళ్లేదాకా “కూర్చో”, “కదలకు”, “పరిగెత్తకు” అనే మాటలు మీ నోట, ఆయా నోట ఎన్నిసార్లు వస్తాయో గోడ మీద సుద్దముక్కతో గీతలు గీస్తూ పోండి. నేను ఈ లెక్క మొదలుపెట్టిన రోజున అన్నం వేళకే గీతలు గీయడం మానేశాను. గోడ చూస్తే సిగ్గేసింది.

అదే వారం ఇంకో లెక్క కూడా వేశాను. నాలుగేళ్ల పిల్లవాణ్ణి ఒకణ్ణి ఎంచుకుని, వాడు నిజంగా ఒళ్లు కదిపి ఆడింది ఎంతసేపో రాసుకున్నాను. ప్రార్థన, పాట, అక్షరాలు, గుడ్డు, అన్నం, నిద్ర అన్నీ కూర్చునో పడుకునో సాగిపోయాయి. వాడు బయటికి వచ్చింది చేతులు కడుక్కోవడానికి కుళాయి దాకా. మొత్తం కూడితే అరగంట రాలేదు. పిల్లల్ని బాగా చూసుకుంటున్నాం అని మేం ధీమాగా ఉన్న సెంటర్ అది.

ఆ తర్వాత నేర్చుకున్నవన్నీ వరుసగా చెబుతాను. అంగన్‌వాడీ టీచర్లకు, ఆయాలకు, ప్లేస్కూల్ నడిపేవారికి, ఇంట్లోనే నలుగురు పిల్లల్ని చూసుకునే అమ్మలకు, అమ్మమ్మలకు ఇది పనికొస్తుంది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ పెట్టాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు కదా, అలాంటి ఆఫీసు క్రెష్‌లలో పనిచేసేవారికి ఇంకా ఎక్కువ పనికొస్తుంది. అక్కడ ఏసీ గది ఉంటుంది, రంగురంగుల చాప ఉంటుంది, మట్టి మాత్రం ఉండదు.

ముందు వయసువారీగా ఎంత కావాలో తెలుసుకోండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్లలోపు పిల్లల కోసం ఒక లెక్క ఇచ్చింది. ఏడాది లోపు పసిబిడ్డల్ని రోజులో చాలాసార్లు నేల మీద ఆడనివ్వాలి. ఇంకా పాకడం రాని బిడ్డని మెలకువగా ఉన్నప్పుడు విడతలు విడతలుగా మొత్తం 30 నిమిషాలైనా బోర్లా పడుకోబెట్టాలి. ఏడాది నుంచి నాలుగేళ్ల దాకా రోజుకు 180 నిమిషాల కదలిక కావాలి. మూడు, నాలుగేళ్ల పిల్లలకు అందులో కనీసం 60 నిమిషాలు రొప్పు వచ్చేంత ఆట ఉండాలి. చెంపలు వేడెక్కి, మాట మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తే అది రొప్పు వచ్చిన ఆట. నడుచుకుంటూ కుళాయి దాకా వెళ్లిరావడం ఆ లెక్కలోకి రాదు. ఏ బిడ్డనైనా కుర్చీలోనో, స్ట్రోలర్‌లోనో, బెల్టు పెట్టి ఒక్కచోట గంటకు మించి కట్టిపడేయకూడదని కూడా అందులోనే ఉంది.

మూడు గంటలా అని గుండె జారనక్కర్లేదు. అది ఇరవై నాలుగు గంటలకు వేసిన లెక్క, ముక్కలు ముక్కలుగా వచ్చినా సరే. కానీ ఒక్కటి ఆలోచించండి. పగటి వెలుగు ఉన్న మంచి గంటలన్నీ పిల్లలు మన దగ్గరే గడుపుతారు. ఇంటికి వెళ్లేసరికి అమ్మకు వంట, నాన్నకు అలసట, బిడ్డకు ఫోను. అందుకే మూడు గంటల్లో సగమైనా, అంటే తొంభై నిమిషాలు, సెంటర్‌లోనే జరగాలన్నది నా పట్టు. దాన్ని మూడు విడతలు చేసుకోండి. రెండు బయట, ఒకటి లోపల.

వాకిలిని మోకాళ్ల మీద చూడండి

నిలబడి చూస్తే వాకిలి శుభ్రంగానే కనిపిస్తుంది. మోకాళ్ల మీద కూర్చుని రెండేళ్ల పిల్ల ఎత్తు నుంచి చూడండి. కిటికీ రెక్క మూల కంటికి ఎదురుగా వస్తుంది. గేటు కింద కుక్క దూరేంత సందు కనిపిస్తుంది. మెట్టు పక్కన ఊడిన టైల్ ముక్క కత్తిలా ఉంటుంది.

మొదట నీళ్లు చూడండి. సంపు మూత, మరుగుదొడ్డి ట్యాంకు మూత, వాడని బోరు గొట్టం, ఆఖరికి సగం నిండిన టబ్బు కూడా. చిన్నబిడ్డ మునగడానికి జానెడు నీళ్లు కూడా అక్కర్లేదు. ముక్కూ నోరూ మునిగితే చాలు, చప్పుడు కూడా రాదు. సంపు మూతకు తాళం వేయించండి. తాళం వేయించేదాకా పిల్లల్ని ఆ వైపు వదలకండి. ఈ ఒక్క విషయంలో “రేపు చూద్దాం” పనికిరాదు.

తర్వాత మొక్కలు. మన ఊళ్లలో సెంటర్ చుట్టూ అందం కోసం గన్నేరు వేస్తాం. దాని ఆకు, పువ్వు, కాయ, పాలు అన్నీ విషమే. పసుపుపచ్చ పువ్వులు పూసే పచ్చగన్నేరు కూడా అంతే. కంచె మీద పాకే గురివింద తీగకు ఎర్రగా, నల్ల బొట్టుతో ముద్దొచ్చే గింజలుంటాయి. పిల్లలు వాటిని ఏరుకుని ఆడతారు. నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఆముదం గింజలు, ఉమ్మెత్త కాయలు కూడా ఉండకూడదు. జిల్లేడు పాలు కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. వయ్యారిభామ పెరిగిన చోట దురద, దద్దుర్లు, తుమ్ములు. దాన్ని పూత రాకముందే వేళ్లతో పీకించండి, పీకేవారు చేతులకు తొడుగులు వేసుకోవాలి. పల్లేరుకాయలు, తుమ్మ ముళ్లు రోజూ ఊడ్చాల్సిందే. రాళ్ల కుప్ప, కట్టెల మోపు, పాత పెంకుల గుట్ట ఉంటే తీయించండి. తేలు, జెర్రి, పాము ఉండేవి అక్కడే.

మూడోది గేటు. గొళ్లెం పిల్లలకు అందని ఎత్తులో ఉండాలి, పెద్దవాళ్లకు ఒక్క చేత్తో తెరుచుకోవాలి. వీధి కుక్కలు లోపలికి వచ్చే సందులన్నీ మూయండి. అన్నం మెతుకులు, గుడ్డు పెంకులు వాకిట్లో పారేయడం మానితే సగం కుక్కలు రావడమే మానేస్తాయి.

జారుడు బల్ల, ఉయ్యాల ఉంటే వాటి కింద ఏముందో చూడండి. సిమెంటు గచ్చు మీద జారుడు బల్ల పెట్టడం కన్నా అసలు లేకపోవడం మేలు. నాలుగడుగుల ఎత్తు దాకా ఉన్న వాటి కింద కనీసం తొమ్మిది అంగుళాల మందాన మెత్తటి ఇసుక పోయించండి. నడిచీ నడిచీ ఇసుక గట్టిపడుతుంది కాబట్టి వారానికోసారి పారతో తిరగేయాలి. ఇసుక గుంట మీద రాత్రిపూట పట్టా కప్పకపోతే పిల్లులు అక్కడే మలవిసర్జన చేస్తాయి, ఆ ఇసుకతో రోగాలు వస్తాయి.

వాకిలి లేని సెంటర్ల సంగతి. పట్నంలో ఒక్క గది అద్దెకు తీసుకుని నడిపే అంగన్‌వాడీలు చాలా ఉన్నాయి. అక్కడి టీచర్లు “ఎక్కడ ఆడించమంటారు?” అని అడుగుతారు, న్యాయమైన ప్రశ్న. పక్క వీధిలో ప్రభుత్వ బడి ఉంటే హెడ్మాస్టర్‌తో మాట్లాడి, పెద్దపిల్లలు తరగతుల్లో ఉన్న ఒక అరగంట గ్రౌండ్ అడగండి. గుడి ఆవరణ, చర్చి కాంపౌండ్, కమ్యూనిటీ హాలు ముందు జాగా, అపార్టుమెంటు పార్కు, ఏదైనా సరే. తీసుకెళ్లేటప్పుడు పొడవాటి నూలు తాడుకు అడుగున్నర దూరంలో ఒక్కో ముడి వేసి, ఒక్కో ముడి ఒక్కో బిడ్డ పట్టుకునేలా నేర్పండి. ముందు టీచర్, వెనక ఆయా. బయల్దేరేటప్పుడు, చేరాక, తిరిగి బయల్దేరేటప్పుడు, వచ్చాక నాలుగుసార్లు తలలు లెక్కపెట్టాలి. డాబా మీద మాత్రం ఆడించకండి. పిట్టగోడ ఎంత ఎత్తున్నా వద్దు.

ఎండను బట్టి వేళ

పిల్లల ఒంటికి బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ. చెమట పట్టడం మనకన్నా తక్కువ. అందుకే ఎండలో వాళ్ల ఒళ్లు మనకన్నా త్వరగా వేడెక్కుతుంది, దాహం వేస్తోందని ఆటలో గుర్తుండదు. మనకు ఫర్వాలేదనిపించింది కదా అని వాళ్లకూ ఫర్వాలేదనుకోకూడదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏ వేళైనా మంచిదే. ఆదిలాబాద్ వైపు, అరకు వైపు మాత్రం పొద్దెక్కి మంచు విడిచాక బయటికి రండి. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యే రోజుల నుంచి మొదటి విడత ఆట ఉదయాన్నే, పిల్లలు రాగానే పెట్టేయండి. ప్రార్థన, పాట ఆ తర్వాతే. ఏప్రిల్ సగం దాటాక తొమ్మిదిన్నరకల్లా అందరూ నీడలో ఉండాలి. వడగాల్పుల హెచ్చరిక ఉన్న రోజుల్లో, రోహిణి కార్తెలో బయటి ఆట పూర్తిగా మానండి, ఆ సమయం గదిలో భర్తీ చేయండి. జూన్‌లో మృగశిర కార్తె చినుకులు పడ్డాక మళ్లీ మొదలుపెట్టండి.

నీడ లేకపోతే వేప, కానుగ మొక్కలు ఈ వానాకాలమే నాటండి. అవి ఎదిగేదాకా నాలుగు వెదురు కర్రలకు పాత నేత చీరలు రెండు కట్టినా మంచి పందిరి అవుతుంది. జారుడు బల్ల మీద ముందు మీ చేతి వెనక భాగం ఆనించి అయిదు అంకెలు లెక్కపెట్టండి. మీరు ఉంచలేకపోతే పిల్లల తొడలు కాలతాయి. ప్లాస్టిక్ బల్ల కూడా కాలుతుంది.

ఆటకు ముందు ప్రతి బిడ్డా నాలుగు గుక్కల నీళ్లు తాగాలి, మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి. ఎండాకాలం ఆట తర్వాత చిటికెడు ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ ఇస్తే మరీ మంచిది. ఏ బిడ్డయినా ఆట మధ్యలో నీరసంగా కూలబడితే, తల తిరుగుతోందన్నా, వాంతి చేసుకున్నా వెంటనే నీడకు తీసుకెళ్లి బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ విసరండి. మాటలు తడబడినా, పిలిస్తే పలక్కపోయినా, ఫిట్స్ వచ్చినా నోట్లో నీళ్లు పోయకండి. 108కి ఫోన్ చేసి, ఒళ్లు చల్లబరుస్తూనే ఉండండి.

నడక రాని బిడ్డలు

మన ఇళ్లలో బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచుతాం. కదలికను పండగ చేసుకున్నవాళ్లం మనం. అలాంటిది క్రెష్‌లో ఉయ్యాలలోంచి కుర్చీలోకి, కుర్చీలోంచి ఉయ్యాలలోకి మార్చడమే బిడ్డను చూసుకోవడం అయిపోయింది.

శుభ్రమైన చాప మీద దుప్పటి పరిచి, చెట్టు నీడలో బిడ్డను బోర్లా పడుకోబెట్టండి. మొదట్లో ఏడుస్తుంది, రెండు నిమిషాలు చాలు. మీరూ ఎదురుగా బోర్లా పడుకుని మొహంలో మొహం పెట్టి మాట్లాడండి. స్టీలు గిన్నె, గిలక లాంటివి చేతికి కొంచెం దూరంలో పెట్టండి. అలవాటయ్యాక ఒక్కో విడతను నాలుగు నిమిషాల దాకా పెంచి, రోజులో ఏడెనిమిది సార్లు అలా చేస్తే 30 నిమిషాలు తెలియకుండానే పూర్తవుతాయి. పాలు తాగిన వెంటనే వద్దు. నిద్రపోతే మాత్రం వెల్లకిలా తిప్పేయాలి. బోర్లా ఆట మెలకువలోనే.

పాకే బిడ్డకు ఎక్కడానికి దిండ్లు, దూరడానికి అట్టపెట్టె కావాలి. నడక నేర్చుకునే బిడ్డకు కొయ్యతో చేసిన మూడు చక్రాల తోపుడు బండి మంచిది. లోపల కూర్చోబెట్టి వదిలే చక్రాల వాకర్ వద్దు. అది నడక నేర్పదు. మెట్ల దగ్గరికి, పొయ్యి దగ్గరికి క్షణంలో చేరుస్తుంది. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. ఎవరైనా ప్రేమగా సెంటర్‌కు విరాళంగా ఇచ్చినా వద్దని చెప్పండి.

రెండేళ్ల పిల్లలకు మోయడం, తోయడం, పోయడం ఇష్టం. చిన్న బకెట్‌లో ఇసుక నింపి ఈ మూల నుంచి ఆ మూలకు మోయిస్తే పది నిమిషాలు ఆగకుండా తిరుగుతారు. ఈ వయసువారు ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటారు కాబట్టి చింతగింజలు, గోళీలు, వేరుశనగ పప్పులు, బొమ్మల్లోని బటన్ బ్యాటరీలు వాళ్ల చుట్టుపక్కల ఉండకూడదు. మూడేళ్లు నిండినవారి ఆట, నిండనివారి ఆట వేర్వేరు మూలల్లో నడపడం మేలు. లేకపోతే పెద్దవాళ్ల పరుగుకు చిన్నవాళ్లు బోల్తా పడతారు.

మూడు నుంచి ఆరేళ్లవారికి ఒక విడత ఆట

దీన్ని నిమిషాలతో సహా చెబుతాను, ఎందుకంటే చాలామంది “సరే, బయటికి తీసుకొచ్చాం, ఇప్పుడేం చేయాలి?” దగ్గరే ఆగిపోతారు.

మొదటి అయిదు నిమిషాలు జంతువుల నడక. కప్ప గంతులు, ఏనుగు నడక, పాము పాకుడు, ఒంటికాలి మీద కొంగ. తీరం వైపు పిల్లలకు పీత నడక అనండి, తెలంగాణ పిల్లలకు ఎండ్రకాయ అనండి, ఇద్దరూ ఒకేలా పక్కకు పాకుతారు. మీరు చేసి చూపించాలి. చీర కొంగు నడుముకు దోపుకుని టీచర్ కప్పలా గెంతితే ఆ రోజు గెంతని బిడ్డ ఉండదు. నేను మోకాలి నొప్పి వచ్చాక చేతులతో చూపించడం మొదలుపెట్టాను, అదీ పనిచేస్తుంది.

తర్వాత పది పన్నెండు నిమిషాలు పరుగు ఉన్న ఒక ఆట. నేలా బండా చాలా మంచిది. బండలు లేకపోతే ముగ్గుపిండితో నేల మీద గుండ్రాలు గీయండి. దొంగ నేల మీద తిరుగుతుంటే మిగతావాళ్లు గుండ్రం నుంచి గుండ్రానికి గెంతాలి. పిల్లలకన్నా గుండ్రాలు రెండు ఎక్కువే ఉండాలి, లేకపోతే తోపులాట. ఆటస్థలాల్లో గీతలకు వాడే సున్నం మాత్రం వద్దు, కంట్లో పడితే మండిపోతుంది. ముగ్గుపిండి, సుద్ద, బియ్యప్పిండి చాలు. దాగుడుమూతలు, రైలు బండి, పులీ మేకా కూడా పెట్టుకోండి. పులీ మేకాలో మిగతా పిల్లలంతా చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడి మేకను కాపాడతారు. తొక్కుడు బిళ్ల నాలుగు దాటినవారికే సాగుతుంది. ఒంటికాలి మీద గెంతడం చాలామందికి నాలుగేళ్లు వస్తే గానీ కుదరదు, అంతకుముందు రెండు కాళ్లతో గెంతనివ్వండి. ఒప్పులకుప్ప ఇసుకలోనో గడ్డి మీదో మాత్రమే, మెల్లగా. గోడీబిళ్ల, కోతికొమ్మచ్చి ఈ వయసుకు వద్దు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. “అవుట్” అయిపోయే ఆటలు తీసేయండి. కుర్చీలాటలో మొదట అవుటయ్యేది ఎవరు? మెల్లగా కదిలే పిల్ల, కొంచెం బొద్దుగా ఉన్న పిల్లవాడు, కొత్తగా చేరి భయపడుతున్న బిడ్డ. ఎక్కువ ఆడాల్సినవాళ్లే గోడకు ఆనుకుని కూర్చుంటారు, చురుకైనవాళ్లే చివరిదాకా ఆడతారు. ఆట అలాగే ఉంచి నియమం మార్చండి. కుర్చీ దొరకనివాళ్లు వేప చెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి మళ్లీ ఆటలోకి రావాలి. పట్టుబడినవాళ్లు బొమ్మలా నిలబడాలి, ఇంకొకరు వచ్చి ముట్టుకుంటే విడుదల. హైదరాబాద్ పిల్లలు దీన్ని లాక్ అండ్ కీ అంటారు. ఇందులో పట్టేవాడికన్నా విడిపించేవాడే గొప్ప, అది నాకు చాలా ఇష్టం.

అలాగే వరుసలో నిలబెట్టే ఆటలు. ఇరవై మంది వరుసలో నిలబడి ఒక్కొక్కరే బంతి విసిరితే, ఒక్కో బిడ్డ ఆడేది అర నిమిషం, నిలబడేది పది నిమిషాలు. ఒక్క బంతి కాదు, పది బంతులు కావాలి. పాత గుడ్డలు చుట్టి దారంతో బిగించి చేసినవి సరిపోతాయి. మెత్తగా ఉంటాయి, మొహానికి తగిలినా దెబ్బ తగలదు.

ఆ తర్వాత పదిహేను నిమిషాలు ఏ ఆటా చెప్పకండి. ఇసుక, టైర్లు, తాళ్లు, కొబ్బరి చిప్పలు, అట్టపెట్టెలు వదిలేసి పక్కకు జరగండి. ఒకరు తడి ఇసుకలో కాలు పెట్టి పిచ్చుక గూడు కడతారు, ఒకరు గుజ్జనగూళ్లు వండుతారు, ఇద్దరు టైరు దొర్లించుకుపోతారు. ఇది ఖాళీ సమయమని అనుకుంటాం గానీ, ఎవరికి ఏ ఆట ఇష్టమో, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, ఎవరి కాలు కొంచెం ఈడుస్తోందో తెలిసేది ఇప్పుడే. వాళ్లు ఒకటికి రెండుసార్లు చెట్టు మొదలు ఎక్కబోతారు. మీ నడుము ఎత్తు దాకా అయితే ఎక్కనివ్వండి, కింద నిలబడండి. మీరు ఎత్తి పైన కూర్చోబెట్టకండి. తనంతట తాను ఎక్కగలిగిన ఎత్తు నుంచి బిడ్డ సాధారణంగా తనంతట తాను దిగగలదు.

చివరి అయిదు నిమిషాలు నీడలో కాళ్లు చాపి కూర్చుని కాళ్లాగజ్జా. ఊపిరి కుదుటపడుతుంది. తర్వాత నీళ్లు, చేతులూ కాళ్లూ సబ్బుతో కడగడం, లెక్క చూసుకుని లోపలికి. అన్నం తిన్న వెంటనే పరుగులాటలు పెట్టకండి. రెండో విడత నిద్ర లేచాక పెట్టుకోండి.

డబ్బు పెట్టి కొనాల్సినవి తక్కువే

పాత సైకిల్ టైర్లు, ఆటో టైర్లు అడిగితే మెకానిక్‌లు ఊరికే ఇస్తారు. ఆటో టైర్లకు రెండు మూడు చోట్ల కన్నాలు పెట్టించండి, లేకపోతే వాన నీళ్లు నిలిచి డెంగీ దోమలు పెరుగుతాయి. నిల్వ నీళ్లు పారబోసే శుక్రవారం డ్రైడే రోజున వాటినీ చూడండి. వేసవిలో ముంజలు తిన్నాక మిగిలిన తాటి బుర్రలు రెండు, ఒక పుల్ల, ఒక చీలిక కర్ర ఉంటే ముంజకాయల బండి తయారు. తాతలు ఎవరైనా చేసి ఇస్తారు. ముగ్గు గీత మీద అడుగు వెనక అడుగు వేసి నడిస్తే అదే తూకం ఆట.

పిల్లల ఒంటి మీద ఏముందో కూడా చూడండి. మెడలో గొలుసు, తాయెత్తు తాడు, చున్నీ, టోపీ తాళ్లు జారుడు బల్లకు చిక్కుకుంటే గొంతు బిగుస్తుంది. ఆటకు ముందు తీయించి డబ్బాలో పెట్టండి. తాయెత్తు తీయడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోతే మెడ నుంచి మొలకో జబ్బకో మార్పించమని నచ్చజెప్పండి, చాలామంది ఒప్పుకుంటారు. ఆడపిల్లలకు గౌను కింద నిక్కరు వేసి పంపమనండి. గౌను లాక్కుంటూ నిలబడే పిల్ల ఆడదు.

మట్టిలో ఆడే పిల్లలకు చెప్పులు, నులిపురుగుల మాత్ర రెండూ కావాలి. కొంకి పురుగు అరికాలి నుంచే ఒంట్లోకి వెళుతుంది. జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న వస్తుంది. ఆ రోజు రాని పిల్లల పేర్లు రాసుకుని తర్వాత వేయించండి.

మీరు ఎక్కడ నిలబడాలి

ఇద్దరు పెద్దవాళ్లు ఒకే చోట నిలబడి కబుర్లు చెప్పుకుంటే ఒక్కరు ఉన్నట్టే. టీచర్ పరుగులాట మధ్యలో, ఆయా గేటు, జారుడు బల్ల కనిపించే చోట. ఫోను లోపల, బీరువాలో. రిజిస్టర్లు, యాప్‌లో ఫోటోలు అన్నీ మన నెత్తినే ఉన్నాయని నాకు తెలుసు. ఆట ఫోటో మొదటి నిమిషంలోనే తీసేసి ఫోను పెట్టేయండి. ఒకరు మరుగుదొడ్డికి పిల్లల్ని తీసుకెళితే మిగతావాళ్ల ఆట ఆగి, అందరూ కూర్చునే ఆటలోకి మారాలి. ఆయా సెలవు పెట్టిన రోజు ఒక తల్లిని తోడు పిలవండి.

ఆడని బిడ్డ

ప్రతి సెంటర్‌లో ఒకరిద్దరు గట్టు దిగరు. చేయి పట్టి లాగకండి. ముందు పక్కన కూర్చోండి, తర్వాత ఆ బిడ్డకు ఒక పని ఇవ్వండి. “నువ్వు ఈల ఊదితే అందరూ ఆగుతారు” అంటే మూడో రోజుకు ఈల పక్కన పెట్టి ఆటలోకి వస్తుంది.

నాలుగడుగులకే అలసిపోయే బిడ్డ వేరు. కింది రెప్ప లాగి చూడండి, పాలిపోయి ఉంటే ఆరోగ్య కేంద్రం నర్సు ఏఎన్ఎంకు చూపించి రక్తం పరీక్ష చేయించండి. ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లలకు వారానికి రెండుసార్లు ఇచ్చే ఐరన్ సిరప్ అందుతోందో లేదో అడగండి. ఆయాసంతో పిల్లికూతలు వస్తుంటే, పెదాలు నీలంగా మారుతుంటే ఆటలు ఆపి డాక్టర్‌కు చూపించాలి. చక్రాల కుర్చీలో ఉన్న బిడ్డకు, కాలికి ఊతపట్టీలు (కాలిపర్స్) వేసుకున్న బిడ్డకు విడిగా ఆట పెట్టకండి, ఉన్న ఆటను మార్చండి. నేలా బండాలో గెంతలేకపోతే ఇద్దరు స్నేహితులు నెడతారు. చూపు లేని బిడ్డ కోసం బంతిలో గజ్జెలు కుట్టండి.

వాన రోజు, గదిలో

చాపలు చుట్టి గోడకు నిలబెట్టండి. పాట పెట్టి, ఆపినప్పుడల్లా బొమ్మల్లా నిలబడే ఆట. దిండ్లు వరుసగా పరిచి “ఏరు దాటడం”. పాత చీర నలుగురు మూలలు పట్టుకుని గుడ్డబంతిని ఎగరేయడం. చినుకులు మాత్రమే పడుతుంటే, ఉరుము మెరుపు లేకపోతే, పదిమందీ చేతులు చాపి ఒక్క నిమిషం తడిసి వచ్చినా ఏమీ కాదు. తువ్వాళ్లు సిద్ధంగా ఉంచుకోండి.

పడతారు

మోకాలు దోక్కుపోవడం ఆటలో భాగం. ధారగా నీళ్లు, సబ్బు, శుభ్రమైన గుడ్డ. పసుపు, కాఫీపొడి అద్దకండి. తల నేలకు కొట్టుకుంటే మాత్రం ఆ రోజంతా కనిపెట్టాలి. స్పృహ తప్పినా, పదేపదే వాంతులైనా, మగతగా ఉన్నా, నడక తూలినా ఆసుపత్రికే. కుక్క కరిస్తే, గోళ్లతో గీరినా సరే, కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకాకు తీసుకెళ్లండి. పాము కరిస్తే తాడు కట్టకండి, కోయకండి. బిడ్డను కదలనివ్వకుండా ఎత్తుకుని 108లో తీసుకెళ్లండి. ఏ చిన్న దెబ్బయినా సాయంత్రం తల్లికి మీరే ముందు చెప్పండి. ఇంటికెళ్లాక ఆమె తనంతట తాను చూస్తే నమ్మకం పోతుంది. నేను ఒకసారి చెప్పడం మరిచి, ఆ తల్లి మళ్లీ మామూలుగా మాట్లాడడానికి రెండు నెలలు పట్టింది.

తల్లిదండ్రులతో

మూడు మాటలు తప్పకుండా వస్తాయి. “ఎండలో నల్లబడిపోతున్నాడు”. “మట్టిలో ఆడి జలుబు చేసింది”. “ఆటలు ఇంట్లోనూ ఆడతారు, మీరు రాయించండి”.

రంగు గురించి వాదన వద్దు. నీడలోనే, లేత ఎండలోనే ఆడిస్తున్నామని చూపించండి. పట్నంలో ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులకు కళ్లజోడు భయం ఉంటుంది. వాళ్లకు తైవాన్ సంగతి చెప్పండి. అక్కడ 2010లో పిల్లలు రోజుకు 120 నిమిషాలు ఆరుబయట ఉండాలని బడుల్లో కార్యక్రమం పెట్టారు, ఏటేటా పెరుగుతూ వచ్చిన చూపు సమస్య ఆ తర్వాత తగ్గుముఖం పట్టింది. చెట్టు నీడలో ఉండే వెలుతురు కూడా గదిలో దీపం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. జలుబు వైరస్‌తో వస్తుంది, మూసిన గదిలో ఇరవై మంది దగ్గరగా కూర్చుంటేనే ఎక్కువగా అంటుకుంటుంది.

రాత గురించి మాత్రం ఓపికగా చెప్పాలి. భుజం, మోచేయి, మణికట్టు, వేళ్లు, ఈ వరుసలో బలం వస్తుంది. తాడు లాగని, ఇసుక మోయని చేయి పెన్సిల్ పట్టుకుంటే గట్టిగా నొక్కుతుంది, పది నిమిషాలకే నొప్పి అంటుంది. ఈ మాట వేదిక మీద చెబితే తలూపి వెళ్లిపోతారు. అందుకే తల్లుల సమావేశం రోజు కుర్చీలు వేయకండి. వాళ్లనే ముగ్గు గుండ్రాల్లో గెంతమనండి, ఒప్పులకుప్ప తిరగమనండి. మా సెంటర్‌లో అలా చేసిన రోజు ఒక నాయనమ్మ లేచి వచ్చి, నేను ఎప్పుడూ వినని ఒక దాగుడుమూతల ఆట నేర్పింది. మీ ఊళ్లోనూ అలాంటి పెద్దావిడ తప్పకుండా ఉంటుంది. వారానికి ఒక పూట రమ్మని అడగండి. కుర్చీ ఒక్కటి ఆమెకు వేయండి, వేప నీడలో, పిల్లలంతా కనిపించే చోట.